కండరాల పాఠం బట్టీ లేకుండా నేర్చుకోవడం ఎలా: ఒక కోడికాలు, ఒక చార్టు, మీ సొంత ఒళ్ళు

“సార్, కండరాల పాఠం ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు, ఏం చేయమంటారు?” అనంతపురంలో నా దగ్గర చదివే పిల్లలూ, కర్నూలు, కడప హాస్టళ్ళ నుంచి ఫోన్ చేసే పిల్లలూ అడిగేది ఇదే. ఇంటర్ బైపీసీ వాళ్ళకు ఏ-బ్యాండు, ఐ-బ్యాండు దగ్గర తికమక. నర్సింగ్, ఫిజియోథెరపీ మొదటి ఏడాది వాళ్ళకు పేర్లంటే టెన్షన్. ఒక్కొక్కరికి విడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక ఆదివారం కేటాయిస్తే చాలు.

మనిషి ఒంట్లో ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. ఒంటి బరువులో సుమారు 40 శాతం వీటిదే. అన్ని పేర్లూ బట్టీ పట్టడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి: కండరం లాగగలదు, తొయ్యలేదు. దాని ఒక కొస ఒక ఎముకను, రెండో కొస ఇంకో ఎముకను పట్టుకుని ఉంటుంది. మధ్యలో ఒక కీలు ఉంటుంది. కండరం పొట్టిదైనప్పుడు ఆ రెండు కొసలూ దగ్గరికి వస్తాయి. కాబట్టి ఏ కండరం ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడి నుంచి? ఎక్కడి దాకా? దారిలో ఏ కీలును, ఏ వైపు నుంచి దాటుతోంది? ఈ మూడూ తెలిస్తే అది చేసే పని పుస్తకం తెరవకుండా మీరే చెప్పగలరు. ముఖంలో చర్మాన్ని పట్టుకుని ఉండే కొన్ని కండరాలకు ఈ లెక్క నేరుగా కుదరదు. వాటిని ఈ పూటకు వదిలేయండి.

కావలసినవి

తొడ నుంచి గోళ్ళ దాకా తెగకుండా ఉన్న కోడికాలు ఒకటి. ఎముక లేని రొమ్ము ముక్క చిన్నది ఒకటి. చిన్న కత్తెర, మొద్దు కత్తి లేదా పాత చెంచా, పనికిరాని ప్లేటు, పాత పేపర్లు, ఉప్పు, సబ్బు. ఉంటే చేతి తొడుగులు. రెండు రంగుల చార్టు ముక్కలు (నీలం, ఎరుపు), 30 సెంటీమీటర్ల స్కేలు, గమ్ము. నీళ్ళు నింపిన లీటరు బాటిల్. బట్టలు కుట్టేవాళ్ళు వాడే టేపు. పక్కన ఒక తోడు: అన్న, చెల్లి, రూమ్మేట్ ఎవరైనా సరే.

మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలు మొదటి భాగం వదిలి నేరుగా రెండో భాగానికి వెళ్ళండి. టెండాన్లను (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళను) మీ చేతి మీదే చూడొచ్చు, ఏమీ నష్టం లేదు.

మొదటి భాగం: కోడికాలు

1. అంగడిలో ముందే చెప్పండి. “అన్నా, ఒక కాలు కొట్టకుండా ఇయ్యి, గోళ్ళు తీసెయ్యొద్దు” అనకపోతే వాళ్ళు అలవాటుగా పాదం కొట్టి పక్కన పడేస్తారు. మనకు కావలసిందే ఆ పాదం. అప్పుడే కోసిన కోడిదైతే కీళ్ళు తేలిగ్గా వంగుతాయి. కొంతసేపటికి కాలు కర్రలా బిగుసుకుంటుంది. అలా బిగిసిపోతే బలవంతంగా వంచకండి. కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజుకు సడలుతుంది. ఎందుకు బిగుసుకుంటుందో రెండో భాగంలో వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

2. పచ్చి కోడిమాంసంలో కడుపు పాడుచేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. కూరగాయలు తరిగే పీట మీద ఈ పని చేయొద్దు. కుళాయి కింద పెట్టి కడగొద్దు, ఆ తుంపరలు గట్టంతా పడతాయి. పని అయ్యేదాకా ముఖం, ఫోన్ ముట్టుకోవద్దు. కోసి చూసిన కాలును తర్వాత కూరలో వేయొద్దు.

3. ముందు కీళ్ళు గుర్తించండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడికి మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటారు. వెనక్కి వంగినట్టు కనిపించేది మడమ కీలు. అసలు మోకాలు దానికంటే పైన, తొడ ముక్కకూ లెగ్ పీసుకూ మధ్య ఉంది, అది మన మోకాలిలాగే వంగుతుంది. అంటే లెగ్ పీసు అని మనం తినేది కోడి పిక్క. ఈ లెక్క సరిచేసుకోకుండా ముందుకు పోతే తర్వాత చూసేదంతా తలకిందులవుతుంది.

4. లెగ్ పీసు మీది తోలును కత్తెరతో నిలువుగా చీల్చి వేళ్ళతో ఒలవండి. తోలుకూ మాంసానికీ మధ్య సాలెగూడులా సాగే పల్చటి పొర కనిపిస్తుంది. దాని కింద ఒక్కో కండరాన్ని చుట్టి మెరిసే ఇంకో పొర ఉంటుంది. పుస్తకంలో ఫాసియా అని చదివింది ఈ పొరలనే. ఇక్కడి నుంచి కత్తి వాడకండి, చెంచా కొసతో కండరాల మధ్య సందులు వెతకండి. సరైన సందులో పెడితే రెండు కండరాలు వాటంతట అవే విడిపోతాయి. బలం పెట్టాల్సి వస్తోందంటే మీరు సందులో లేరు, కండరంలోకి దిగారు.

5. ఒక కండరాన్ని ఎంచుకుని కిందికి వెంబడించండి. మధ్యలో ఎర్రగా, లావుగా, మెత్తగా ఉన్నది కిందికి పోయేకొద్దీ సన్నబడి తెల్లటి తాడుగా మారుతుంది. అదే టెండాన్. దాన్ని వేలితో మీటండి: గట్టిగా ఉంటుంది, మెరుస్తుంది, సాగదు. చాలామంది దీన్ని నరం అంటారు. నరం కండరాల మధ్య సందులో పోతూ మెత్తగా, మెరుపు తక్కువగా, దారంలా ఉంటుంది. తొడ వెనకవైపు కండరాలను విడదీస్తే లావుపాటి నరం ఒకటి స్పష్టంగా దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక ఎప్పుడూ కలగలపరు.

6. ఇప్పుడు అసలు పని. లెగ్ పీసు వెనకవైపు కండరాల్లో కాలివేళ్ళ దాకా పోయే టెండాన్ ఉన్నదాన్ని పట్టుకుని తొడ వైపుకు లాగండి. వేళ్ళు ముడుచుకుంటాయి. వదిలేయండి. ఇప్పుడు ముందువైపు కండరాన్ని లాగండి. వేళ్ళు చాచుకుంటాయి. చెయ్యి జారుతుంటే వేళ్ళకు కాస్త ఉప్పు అద్దుకోండి, పట్టు దొరుకుతుంది. రెండు మూడుసార్లు ఇలా చేస్తూ ఒక్కటి గమనించండి. ముడిచిన కండరం ఆ వేళ్ళను తిరిగి చాచలేదు. చాచడానికి ఎదురువైపు వేరే కండరం కావాల్సిందే. కండరాలు జతలుగా ఎందుకున్నాయో దీనితో తేలిపోతుంది. ఇంకో సంగతి: పొలుసులున్న సన్నటి కాలి భాగంలో మాంసం లేనట్టే. వేళ్ళను ఆడించే కండరం పైన ఎక్కడో ఉంది, కిందికి తాళ్ళు మాత్రమే దిగాయి. మీ చేతివేళ్ళ సంగతీ ఇంతే, మూడో భాగంలో చూస్తారు.

వేళ్ళు కదలకపోతే మూడు కారణాలు ఉండొచ్చు. మీరు పట్టుకున్నది మడమ దగ్గరే ఆగిపోయే కండరం, లేదా కాలు ఇంకా బిగుసుకునే ఉంది, లేదా అంగట్లో కత్తి టెండాన్‌కు తగిలింది. మొదటిదైతే పక్క కండరం పట్టుకుని చూడండి.

7. మోకాలి దగ్గర కండరాలన్నీ తప్పించి కీలు తెరవండి. ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలు కనిపిస్తాయి. ఇవి లిగమెంట్లు. కండరాన్ని ఎముకకు కట్టేది టెండాన్, ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్. పరీక్షలో ఏటా తారుమారు చేసి రాసేవాళ్ళు ఉంటారు. ఒక్కసారి చేత్తో పట్టుకున్నవాళ్ళు రాయరు.

8. రొమ్ము ముక్కను కాలి మాంసం పక్కన పెట్టి రంగు చూడండి. రోజంతా నిలబడి, నడిచి, గీకే కాలిలో మయోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రటి ప్రొటీన్) ఎక్కువ, అందుకే ముదురు రంగు. బాయిలర్ కోడి ఎగరదు గాక ఎగరదు, రొమ్ము తెల్లగా ఉంటుంది. నాటుకోడి కాలు దొరికితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మయోగ్లోబిన్, మైటోకాండ్రియా ఎక్కువున్న ఎర్ర తంతువులు చాలాసేపు అలసిపోకుండా పనిచేస్తాయి. తెల్లవి ఒక్కసారిగా బలం చూపించి తొందరగా అలసిపోతాయి.

9. రొమ్ము ముక్కను నీళ్ళలో బాగా ఉడకబెట్టి చల్లార్చి పీకండి. పీచులుగా ఊడి వస్తుంది. ఆ పీచు ఒక కండర తంతువు అని రాస్తే తప్పు. తంతువు మందం సుమారు 10 నుంచి 100 మైక్రోమీటర్లు, వేళ్ళతో పట్టి పీకేంత లావు ఉండదు. మీ వేళ్ళ మధ్య ఉన్నది తంతువుల కట్ట. ఆ కట్టలను చుట్టిన పొర ఉడికి మెత్తబడటం వల్ల విడివిడిగా వస్తున్నాయి. కాబట్టి వరుస ఇలా గుర్తుపెట్టుకోండి: కండరం, అందులో కట్టలు, కట్టలో తంతువులు, తంతువులో మయోఫైబ్రిల్స్, వాటిలో ఆక్టిన్, మయోసిన్ పోగులు. తంతువు అంటే ఒక జీవకణం. దానికి కేంద్రకాలు చాలా ఉంటాయి.

అంతా పేపర్లో చుట్టి చెత్తలో వేసి, ప్లేటు, కత్తెర, చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి.

రెండో భాగం: చార్టుతో సార్కోమియర్

మయోఫైబ్రిల్ పొడవునా వరుసగా ఉండే చిన్న ముక్క ఒక్కోటీ ఒక సార్కోమియర్, దాని రెండు కొసల్లోని గీతలే జెడ్ గీతలు. కండరం పొట్టిదవుతుంది సరే, లోపల ఏది పొట్టిదవుతోంది? పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఈ ప్రశ్న దగ్గరే. 1954లో రెండు బృందాలు, ఆండ్రూ హక్స్‌లీ–నీడర్‌గెర్కె ఒకటి, హ్యూ హక్స్‌లీ–జీన్ హాన్సన్ ఇంకొకటి, ‘నేచర్’ పత్రికలో దీనికి జవాబు ప్రచురించాయి. పోగులేవీ పొట్టివి కావు, ఒకదాని మధ్యలోకి ఒకటి జారతాయి. కాగితం మీద కొలిచి చూస్తే ఇక అనుమానం ఉండదు.

కప్ప కండరంలో కొలిచిన లెక్కలు వాడదాం. సన్నటి ఆక్టిన్ పోగు సుమారు 1 మైక్రోమీటరు, లావుపాటి మయోసిన్ పోగు సుమారు 1.6 మైక్రోమీటర్లు. మనిషిలో ఆక్టిన్ ఇంకాస్త పొడవు, కానీ సూత్రం అదే. మన చార్టులో 1 మైక్రోమీటరు అంటే 10 సెంటీమీటర్లు.

10. నీలం చార్టులో అర సెంటీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు పట్టీలు ఆరు కత్తిరించండి, ఇవి ఆక్టిన్ పోగులు. ఎరుపు చార్టులో ఒక సెంటీమీటరు వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు పట్టీలు రెండు, ఇవి మయోసిన్ పోగులు. 10 సెంటీమీటర్ల ఎత్తున్న సన్నటి నిలువు ముక్కలు రెండు. ఇవి జెడ్ గీతలు.

11. ఒక్కో జెడ్ ముక్కకు మూడేసి నీలం పట్టీలను, మధ్యలో ఎడం ఉంచి, దువ్వెన పళ్ళలా అంటించండి. జెడ్ ముక్క లోపలి అంచు నుంచి పట్టీ సరిగ్గా 10 సెంటీమీటర్లు బయటికి రావాలి. గమ్ము కోసం పొడవు కాస్త ఎక్కువ తీసుకుంటే మంచిది. ఎరుపు పట్టీలు రెండింటినీ నడిమధ్యలో ఒక చిన్న ముక్కతో కలపండి.

12. రెండు దువ్వెనలనూ ఎదురెదురుగా పెట్టి, వాటి పళ్ళ సందుల్లో ఎరుపు పట్టీలను ఉంచండి. జెడ్ నుంచి జెడ్‌కు 24 సెంటీమీటర్లు ఉండేలా సర్దండి. స్కేలు పెట్టి మూడు కొలతలు రాసుకోండి. ఎరుపు ఉన్నంత మేర, అంటే ఏ-బ్యాండు: 16. ఎరుపు మధ్యలో నీలం చేరని చోటు, అంటే హెచ్ జోను: 4. ఎరుపు అంచు నుంచి జెడ్ దాకా వట్టి నీలం: ఒక్కో వైపు 4.

13. ఇప్పుడు జెడ్ ముక్కలను లోపలికి చెరి 2 సెంటీమీటర్లు జరపండి. మొత్తం 20 అవుతుంది. మళ్ళీ కొలవండి. ఏ-బ్యాండు 16, మారలేదు. హెచ్ జోను సున్నా, మాయమైంది. వట్టి నీలం ఒక్కో వైపు 2కు తగ్గింది. ఈ అంకెలు రాకపోతే పట్టీల కొలత తప్పింది, లేదా ఎరుపు పట్టీ ఒక పక్కకు ఒరిగింది. మధ్యకు తెచ్చి మళ్ళీ చూడండి.

ఒక జాగ్రత్త. ఐ-బ్యాండు ఒక సార్కోమియర్‌లోనే పూర్తి కాదు. జెడ్ గీతకు అటు ఇటు రెండు సార్కోమియర్ల వట్టి నీలం కలిస్తేనే పూర్తి ఐ-బ్యాండు. మన చార్టులో ఒక వైపు కనిపించేది సగమే. బొమ్మ గీసేటప్పుడు జెడ్ గీత బయట కూడా కాస్త గీయమని నేను చెప్పేది అందుకే.

ఇంత చిన్న కదలికతో చెయ్యి ఎలా లేస్తుందని అడుగుతారు. లెక్క వేయండి. 12 సెంటీమీటర్ల తంతువులో 2.4 మైక్రోమీటర్ల సార్కోమియర్లు 50,000 వరుసగా ఉంటాయి. ఒక్కోటి 0.4 మైక్రోమీటరు తగ్గితే మొత్తం 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. మోచేతి దగ్గర కండరం కీలుకు బాగా దగ్గరగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, అక్కడ చిన్న లాగుడుకే అరచెయ్యి చాలా దూరం లేస్తుంది.

14. చార్టు పక్కన ఈ వరుస రాసుకోండి. నరం కొసన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తంతువు పొర వెంట విద్యుత్ సంకేతం పోతుంది. తంతువులో క్యాల్షియం దాచి ఉంచే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి ఆ క్యాల్షియం బయటికి వస్తుంది. అది ఆక్టిన్ పోగు మీదుండే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగానే, ఆక్టిన్‌కు అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ఇంకో ప్రొటీన్ పక్కకు తప్పుకుంటుంది. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. కొత్త ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) వచ్చి అంటుకుంటేనే ఆ తల పట్టు వదులుతుంది. చివరి వాక్యం రెండుసార్లు చదవండి. చచ్చిన కోడిలో ఏటీపీ అయిపోతుంది, పట్టిన తలలు పట్టినట్టే ఉండిపోతాయి, అందుకే కాలు బిగుసుకుంది. తర్వాత లోపలి ప్రొటీన్లు చీలడం మొదలయ్యాక మళ్ళీ సడలుతుంది. లాగడానికే ఏటీపీ కావాలి, వదలడానికి అక్కర్లేదు అని రాసేవాళ్ళ జవాబు ఇక్కడే తప్పుతుంది.

మూడో భాగం: మీ ఒంటి మీద

నొప్పి, వాపు ఉన్న చోట, ఈ మధ్య విరిగిన చోట ఇవేవీ చేయొద్దు. తోడున్నవాళ్ళు అడ్డుపెట్టే బలం మెల్లగా పెంచాలి, ఒక్కసారిగా గుంజకూడదు.

15. మోచెయ్యి. కుర్చీలో కూర్చుని కుడి మోచేతిని సగం మడిచి, అరచెయ్యి పైకి ఉంచి, బల్ల కింద పెట్టి పైకి ఎత్తుతున్నట్టు నొక్కండి. ఎడమ చేత్తో జబ్బ ముందువైపు పట్టి చూడండి, బైసెప్స్ గట్టిపడుతుంది. అలాగే మోచేతి మడతలో బొటనవేలు పెడితే తాడులాంటి టెండాన్ తగులుతుంది. ఇప్పుడు చెయ్యి బల్ల పైన పెట్టి కిందికి నొక్కండి. ముందువైపు మెత్తబడి, జబ్బ వెనక ట్రైసెప్స్ గట్టిపడుతుంది. రెండు వైపులా గట్టిగానే ఉంటే మీరు పిడికిలి బిగించారు. వేళ్ళు వదులుగా పెట్టి మళ్ళీ చేయండి.

బైసెప్స్ జబ్బ ఎముక నుంచి మొదలవుతుందని చాలామంది రాస్తారు. దాని రెండు తలలూ పైన భుజం రెక్క ఎముక మీద మొదలవుతాయి, కింది కొస ముంజేతి రేడియస్ ఎముకకు అతుక్కుంటుంది. జబ్బ ఎముకను అది పట్టుకోదు, దాని మీదుగా పోతుంది. జబ్బ ఎముక నుంచి మొదలై మోచేతిని మడిచేది బైసెప్స్ కింద దాగిన బ్రాకియాలిస్.

ఇక బైసెప్స్ రెండో పని. మోచెయ్యి సగం మడిచే ఉంచి, జబ్బ పట్టుకుని, అరచేతిని కిందికి తిప్పండి, మళ్ళీ పైకి తిప్పండి. పైకి తిప్పేటప్పుడు బైసెప్స్ ఉబుకుతుంది. అరచెయ్యి కిందికి తిరిగినప్పుడు రేడియస్ ఎముక దొర్లి, టెండాన్ దాని చుట్టూ కాస్త చుట్టుకుంటుంది. కండరం లాగితే ఆ చుట్టు విప్పుకుని అరచెయ్యి పైకి తిరుగుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు పనిచేసేది ఇదే.

16. బాటిల్ పట్టుకుని మూడు పనులు చేయండి. మెల్లగా ఎత్తండి: కండరం పొట్టిదవుతూ పనిచేస్తోంది. మధ్యలో ఆపండి: పొడవు మారకుండా పనిచేస్తోంది. మెల్లగా దించండి, దించేటప్పుడు ట్రైసెప్స్‌ను పట్టి చూడండి. అది మెత్తగానే ఉంటుంది. దించేది కూడా బైసెప్సే, సాగుతూనే బరువును ఆపుతూ వదులుతోంది. “దించేటప్పుడు ట్రైసెప్స్ పనిచేస్తుంది” అన్నది నేను ఎక్కువగా దిద్దే తప్పు. గుత్తి కోట ఎక్కి దిగినవాళ్ళకు మరుసటి రోజు తొడల ముందువైపు పట్టేస్తుంది కదా, అది ఎక్కువగా దిగడం వల్లే. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు ఆపుతాయి, అలాంటి పనికే తంతువుల్లో సన్నటి చీలికలు వస్తాయి. ల్యాక్టిక్ ఆమ్లం వల్ల అని రాయకండి, అది గంట రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. ఈ నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తనంతట తగ్గుతుంది. అలవాటు లేని కష్టం చేశాక మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

17. ముంజెయ్యి. చెయ్యి చాచి వేళ్ళను పియానో వాయిస్తున్నట్టు ఆడిస్తూ ముంజేతిని చూడండి. కదలిక మోచేతి దగ్గర కనిపిస్తుంది. చేతివేళ్ళలో వాటిని మడిచే కండరమే లేదు, తాళ్ళు మాత్రమే ఉన్నాయి. ఇంట్లో అమ్మ సంగటి కెలికేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి. కట్టె మీద వేళ్ళు బిగిసి కదలకుండా ఉంటాయి, మోచేతి కింద కండరాలు మాత్రం ఒక్కో తిప్పుకూ లేచి పడుతుంటాయి. మణికట్టు వెనక టెండాన్లు గీతల్లా తేలతాయి.

బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కాస్త మడవండి. నడిమధ్యన ఒక తాడు లేస్తే అది పామారిస్ లాంగస్. లేవకపోతే కంగారు పడకండి, కొంతమందికి పుట్టుకతోనే ఆ కండరం ఉండదు, చేతి బలానికి చెప్పుకోదగ్గ లోటేమీ రాదు. ఇంకోటి: అరచెయ్యి బల్లకు ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని ఎత్తి చూడండి. లేవదు, లేచినా కొంచెమే. వేళ్ళను ఎత్తే టెండాన్ల మధ్య చేతి వెనక అడ్డపట్టీలు ఉన్నాయి, పక్కవేలిని కట్టేస్తే ఇది కూడా ఆగిపోతుంది.

18. మెడ. అద్దం ముందు ముఖం ఎడమకు తిప్పండి. కుడివైపు చెవి వెనక నుంచి గొంతు కింది గుంత దాకా ఒక పట్టీ లేస్తుంది. అది స్టెర్నోక్లెయిడోమాస్టాయిడ్. ఎడమకు తిరిగితే కుడిది లేవడం వింతగా తోస్తే మన మూడు ప్రశ్నలు వేయండి. ఒక కొస చెవి వెనక ఎముక మీద, ఇంకో కొస ముందు రొమ్ము ఎముక, కాలర్ బోన్ మీద. లాగితే చెవి వెనక భాగం ముందుకు వస్తుంది, ముఖం అవతలి వైపు తిరగాల్సిందే. హెచ్చరిక: చూస్తే చాలు. మెడ రెండు పక్కలా వేళ్ళతో నొక్కకండి, అక్కడ మెదడుకు రక్తం పోయే ధమనులున్నాయి.

19. దవడ. గుప్పెడు శెనక్కాయలు నములుతూ ఒక వేలు దవడ మూల మీద, ఇంకో వేలు కణత మీద పెట్టండి. మొదటిది మాసెటర్, రెండోది టెంపొరాలిస్.

20. పిక్క. గోడ పట్టుకుని మోకాళ్ళు నిటారుగా ఉంచి మునివేళ్ళ మీద లేవండి. పైన ఉబికేది గాస్ట్రోక్నీమియస్. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు మడిచి మడమలు ఎత్తండి. పైకండరం అంతగా ఉబకదు, లోపల సోలియస్ పని చేస్తోంది. గాస్ట్రోక్నీమియస్ మోకాలిని కూడా దాటుతుంది కాబట్టి మోకాలు మడిస్తే వదులైపోతుంది, వదులైన తాడు లాగలేదు. రెండూ కలిసి మడమ వెనక అకిలెస్ టెండాన్ అవుతాయి.

సరిచూసుకోవడానికి మంచం మీద బోర్లా పడుకుని పాదాలు బయటికి వేలాడేయండి. తోడున్నవాళ్ళు పిక్కను మెత్తగా పిసికితే పాదం కిందికి కదులుతుంది. అకిలెస్ తెగిందేమో చూడటానికి డాక్టర్లు చేసే పరీక్ష ఇదే. మీరు పాదం బిగబట్టి ఉంటే కదలదు, వదులుగా ఉంచండి.

21. తొడ. కూర్చుని మోకాలు చాపితే ముందువైపు క్వాడ్రిసెప్స్ గట్టిపడి మోకాలి చిప్ప పైకి జరుగుతుంది. చిప్ప కింద ఎముక బుడిపె దాకా పోయే పట్టీ తగులుతుంది. తర్వాత మడమను కుర్చీ కాలుకు ఆనించి వెనక్కి లాగండి. మోకాలి వెనక రెండు వైపులా తాళ్ళు లేస్తాయి: బయటి వైపుది బైసెప్స్ ఫెమోరిస్, లోపలి వైపున తేలేది సెమిటెండినోసస్. చేతిలోనూ బైసెప్స్, కాలిలోనూ బైసెప్స్ ఉన్నాయి. జవాబులో పూర్తి పేరు రాయండి.

నేర్చుకున్నామో లేదో చూసుకోవడం

టేపుతో జబ్బ చుట్టుకొలత వదులుగా ఒకసారి, బిగించి ఒకసారి కొలవండి. తేడా వస్తుంది. పరిమాణం పెరిగిందని రాయొద్దు. పొట్టిదైంది కాబట్టి లావెక్కింది, మొత్తం పరిమాణం దాదాపు అంతే.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద నాలుగు గళ్ళు గీసి పైన రాసిన కండరాలకు ఎక్కడి నుంచి, ఎక్కడి దాకా, ఏ కీలు, ఏం పని అని నింపండి. నాలుగో గడి మూసి తోడున్నవాళ్ళకు ఇవ్వండి. మొదటి మూడు చదివి వాళ్ళు పని చెప్పగలిగితే మీరు సరిగ్గా రాసినట్టు. చెప్పలేకపోతే ఎక్కువగా మూడో గడిలో “ఏ వైపు నుంచి” అన్నది మీరు రాసి ఉండరు.

చివరగా మీకు చెప్పని ఒక కండరం. సార్టోరియస్, ఒంట్లో అన్నిటికంటే పొడవైనది. తుంటి ఎముక ముందువైపు బయటి కొస నుంచి మొదలై, తొడ మీదుగా ఏటవాలుగా లోపలికి దిగి, మోకాలి లోపలి పక్కన కాస్త వెనకగా దాటి, కాలి ఎముక లోపలి వైపు పైభాగంలో అతుక్కుంటుంది. రెండు కీళ్ళను దాటుతోంది. పుస్తకం ముట్టకుండా దాని పనులు రాయండి.

తొడను పైకి ఎత్తడం, పక్కకు తీయడం, బయటికి తిప్పడం, మోకాలు మడవడం, ఈ నాలుగూ రావాలి. నాలుగూ కలిపి చేస్తే బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. మీ కాగితంలో “మోకాలు చాపుతుంది” అని ఉంటే, మోకాలిని అది ఏ వైపు నుంచి దాటుతోందో మళ్ళీ చదవండి. “తొడను లోపలికి తిప్పుతుంది” అని ఉంటే బాసింపట్టు వేసుకుని కూర్చుని, మోకాలు ఏ పక్కకు వాలిందో చూసి దిద్దుకోండి.